ఒకే పదార్థము, మూడు రూపములు

పిడుగురాళ్ల బట్టీలలో కాలెడు మన పల్నాటి సున్నపురాయియు, సముద్రపు గవ్వయు ప్రధానముగా ఒకే కాల్షియము కార్బొనేటు. అయినను పరమాణువుల కూర్పు వేరగుటచే రాతిలోనిది కాల్సైటు, గవ్వలోనిది అరగొనైటు అయినది. ఈ పాఠమును వినిన నాటినుండి, పదార్థము దాల్చవలసిన రూపమును మనము నిర్ణయింపగలమా యను కుతూహలము మాకు కలిగెను.

ఇందులకు గ్లైసీను మిక్కిలి తగినది. మాంసకృత్తులయందలి ఎమినో ఆమ్లములలో నిది అన్నిటికంటె చిన్నది. 1820లో ఫ్రెంచి రసాయనవేత్త బ్రాకొన్నో, జంతువుల జిగురును గంధకికామ్లముతో కాచి దీనిని కనుగొనెను. గది వేడిమిలో నూరు పాళ్ల నీటిలో సుమారు 25 పాళ్లు కరగును.

ఉపాధ్యాయులవారి యెదుట మేము మూడు గాజు గిన్నెలలో గ్లైసీను ద్రావణమును పోసితిమి. మొదటిదానిలో ఏమియు కలుపలేదు; రెండవదానిలో ఉప్పును, మూడవదానిలో ఆల్కహాలును కలిపితిమి. మూడవదానిలో త్వరలోనే సన్నని సూదులు పొడమెను. మొదటిదానిలో దళసరి స్ఫటికములు పెరిగెను. రెండవదాని కొరకు చాల దినములు వేచియుంటిమి. శాస్త్రగ్రంథముల ననుసరించి ఇట్టి ద్రావణములనుండి వరుసగా ఆల్ఫా, గామా, బీటా రూపములు లభించును. కంటిచూపు చాలదు, ఎక్సురే పరీక్షయే దీనిని నిశ్చయముగా తేల్చును.

ఇందలి వింత యేమన, సాధారణ వేడిమిలో మిక్కిలి స్థిరమైనది గామా. వట్టి నీటిలో ముందు వచ్చునది ఆల్ఫా. ఆల్ఫా వడిగా పెరుగును, గామా మెల్లగా పెరుగును. ఉప్పుగాని, తగినంత ఆమ్లముగాని, క్షారముగాని చేరినచో ఆల్ఫా వేగము తగ్గి, గామాకు తావు దొరకును. బీటా మిగుల అస్థిరము; తేమ తగిలినచో రూపు మారును.

ఇది పిల్లల వినోదము మాత్రమే యని తలపరాదు. 1998లో రిటోనవీరు అను ఎయిడ్సు మందున, ఎవరును ఎదురుచూడని స్థిరతరమైన స్ఫటికరూపము పుట్టెను. అది సరిగా కరగకపోవుటచే గొట్టపు మాత్రల సరఫరా నిలిచిపోయి, రోగులు ద్రవౌషధమును పుచ్చుకొనవలసివచ్చెను. కావుననే స్ఫటికములను కోరిన తీరున కూర్చు విద్యకు నేడింత గౌరవము. హైదరాబాదు విశ్వవిద్యాలయమున ఆచార్యులుగా నుండిన గౌతమ్ దేశిరాజుగారు ఈ విద్యపై 1989లో ప్రకటించిన గ్రంథము లోకప్రసిద్ధము.

తొందరపడుదానిని కొంత నిలువరించినచో, నెమ్మదిగల స్థిరరూపము తనంత తానే పెరుగుననుట మేము నేర్చిన పాఠము. వంటింటి ఉప్పునకు రుచియే గాక ఇట్టి పనియు కలదు. మా వెనుకటి తరగతుల సోదర సోదరీమణులు ఉప్పు పాళ్లను మార్చి, ఏ పాలున గామా ఆరంభమగునో కనుగొందురు గాక!