మామిడితోటలో మాటలు

కృష్ణాజిల్లా 2022 ఏప్రిల్‌లో విభజన పొందినప్పుడు విస్సన్నపేట ఎన్టీఆర్ జిల్లాకూ, నూజివీడు ఏలూరు జిల్లాకూ చేరాయి. పాలనాపరమైన సరిహద్దులు మారాయే గాని, ఆ రెండు ఊళ్లను కలిపే మామిడితోటలు మారలేదు. ఆ తోటలను ఆశ్రయించుకొని తరతరాలుగా పెరిగిన పదసంపద మాత్రం నేడు ఇంటింటా తరుగుతున్నది. ఈ తరుగుదల చప్పుడు లేనిది. కనుకనే దానిని గుర్తించేవారు తక్కువ.

ఒక్క కాయకు ఆ ప్రాంతపు పెద్దలు పలికే పేర్లు గమనింపదగినవి. పూత నిలిచి గుండు కడితే అది పిందె. పెరిగితే కాయ. పక్వానికి వచ్చి, పండుకు ఇంకా దూరంగా ఉన్నది దోరకాయ. కాయను కొమ్మకు పట్టి ఉంచేది తొడిమ. అది ఊడిన చోట కారే ఘాటైన పాలు సొన. సొన తగిలిన చోట కాయ తొక్క నల్లబారుతుంది, ధర పడిపోతుంది. అందువల్లనే తొడిమతో సహా చిక్కంలోకి కోయాలని రైతు కూలీలను హెచ్చరిస్తాడు. లోపలికి పోతే పీచు, టెంక, టెంకలోని జీడి. వీటిలో ఏ మాటా అలంకారానికి పుట్టలేదు. ప్రతి మాట వెనుకా ఒక పని, ఒక జాగ్రత్త, ఒక్కొక్కప్పుడు ఒక నష్టం ఉన్నాయి.

ఈ మాటలు తోటకే పరిమితమైనవి కావు. వేరుసెనగ పప్పును 'దోరగా' వేయించమని వంటింట్లో తల్లి చెప్పినప్పుడు, తోటలోని దోరకాయే పొయ్యి మీదికి వచ్చింది. పొట్టిగా, లేతగా ఉన్న చెట్టును గున్నమామిడి అంటారు. ఏనుగు పిల్లా గున్నే. ఇటువంటి పోలికను ఒక్కసారి పట్టించిన పిల్లవాడు ఆ పైన కొత్త మాట వినగానే దాని చుట్టాలను తానే వెదుకుతాడు. పదసంపద పెరిగే తీరు ఇదే. పది మాటల పట్టిక ఇచ్చి సాయంత్రానికి అప్పజెప్పించుకోవడం వల్ల పెరిగేది భయం మాత్రమే.

అయితే వల్లెవేయడాన్ని పూర్తిగా తోసిపుచ్చడం న్యాయం కాదు. పూర్వం చదువుకొనే ఇళ్లలో బాలురకు అమరకోశాన్ని కంఠస్థం చేయించేవారు. ఆమ్రం, చూతం, రసాలం అని మామిడికి పేర్లు చెప్పిన అమరసింహుడు మిక్కిలి పరిమళం గల మామిడిని ప్రత్యేకంగా సహకారమన్నాడు. పర్యాయపదాలన్నీ ఒకటి కావని, ప్రతి పేరుకూ తనదైన ఛాయ ఉంటుందని ఆ బాలునికి తెలిసేది. కానీ ఆ చదువు కొద్దిమందికే దక్కింది. తోటలో నీరు కట్టేవారి పిల్లలకు కోశం చేతికి రాలేదు. వారి నోటనే మరొక కోశం ఉన్నదని విద్వాంసులు గుర్తించడానికి చాలాకాలం పట్టింది. ఆచార్య భద్రిరాజు కృష్ణమూర్తి జిల్లాల వారీగా రైతుల నోటి మాటలను సేకరింపజేసి కూర్చిన మాండలిక వృత్తిపదకోశం మొదటి సంపుటాన్ని ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రచురించింది. అది వ్యవసాయ పదాలకే కేటాయించిన సంపుటం. చేనేత పదాల సంపుటం 1971లో వచ్చింది. అవి అమూల్యమైన గ్రంథాలు. అయినా మాట గ్రంథంలో ఉండటం వేరు, నాలుక మీద ఉండటం వేరు.

ఇంట్లో ముందుగా పోయేవి నామవాచకాలని చాలామంది అనుకుంటారు. నిజానికి ముందు పోయేవి క్రియలు. చిన్నరసాన్ని మెత్తగా పిసికి జుర్రుతారు. బంగినపల్లిని కోసి ముక్కలు తింటారు. టెంకను చీకుతారు. పచ్చికాయను కొరుకుతారు. నేటి పిల్లవాడు ఈ పనులన్నీ చేస్తూనే ఉన్నాడు. వాటన్నిటికీ కలిపి 'ఈట్ చేశాను' అంటున్నాడు. ఆంగ్లపదం వచ్చి చేరినందుకు చింత లేదు. ఆవకాయ పక్కన జామ్ ఉండవచ్చును. నాలుగు వేర్వేరు పనులు ఒకే పనిగా తోచడం చింతింపదగినది.

1995లో అమెరికాలో హార్ట్, రిస్లీ అనే పరిశోధకులు కాన్సస్‌కు చెందిన 42 కుటుంబాలను పరిశీలించిన గ్రంథాన్ని వెలువరించారు. పసితనంలో ఇంట వినే మాటల రాశిని బట్టి పిల్లల పదసంపదలో వ్యత్యాసం ఏర్పడుతుందని వారన్నారు. పేద ఇళ్లలో మాటలు తక్కువన్న వారి లెక్కను తరువాతి పరిశోధకులు ప్రశ్నించారు. ఆ ప్రశ్న సమంజసమైనదే. తాతలు, మేనత్తలు, ఇరుగుపొరుగు పలికే మాటలు లెక్కలోకి రాకపోతే విస్సన్నపేటలోని ఏ ఇల్లయినా మూగ ఇల్లుగానే కనిపిస్తుంది. బిడ్డకు మాట వినిపించడం కన్న, బిడ్డతో మాట్లాడి, ప్రశ్నించి, జవాబు కోసం ఆగడం ఎక్కువ మేలు చేస్తుందని మాత్రం ఇటీవలి పరిశోధనలు సూచిస్తున్నాయి.

ఆగడమే కష్టం. వైశాఖంలో పల్లె నుంచి హైదరాబాదులోని మనుమరాలికి మామిడిపండ్ల బుట్ట వెళుతుంది. నాలుగు రోజులకు అమ్మమ్మ ఫోనులో "కాయలు ముగ్గాయా తల్లీ?" అని అడుగుతుంది. పిల్లకు ఆ మాట తెలియదు. తల్లి చప్పున ఫోను అందుకొని "పండాయమ్మా, బాగున్నాయి" అని ముగిస్తుంది. ఆమె మంచితనంతోనే ఆ పని చేసింది. కానీ ఒక మాట ఒక తరం నుంచి మరొక తరానికి దాటవలసిన క్షణం అక్కడే జారిపోయింది. ఫోను పిల్ల చేతిలోనే ఉంచితే ఆమె "ముగ్గడమంటే ఏమిటి అమ్మమ్మా?" అని అడిగేది. అమ్మమ్మ గడ్డి పరచి కాయలను ఎలా పేర్చాలో, పైన ఎలా కప్పాలో, వాసన బట్టి ఏ రోజున విప్పాలో చెప్పేది. అంతా విని ఆ పిల్ల బుట్ట దగ్గరకు వెళ్లి, అడుగున గట్టిగా మిగిలిన రెండు కాయలను ఏరి బియ్యపు డబ్బాలో దాచేది.