తెల్లారగట్ల నాలుగున్నర

మావాడు ఇయర్ ఎలెవెన్‌లోకి వచ్చాక వాణ్ణి తెల్లారగట్ల నాలుగున్నరకు లేపడం మొదలుపెట్టాను. మెల్‌బోర్న్‌లో, టార్నీట్‌లో, జులై చలిలో! ఆ వేళప్పుడు చదివిందే బుర్రకెక్కుతుందని వింటూ పెరిగినవాణ్ణి. ఇంటర్లో హాస్టల్లో అలాగే లేచాను కూడా.

వాడికేమో రాత్రి పన్నెండైనా నిద్ర పట్టదు. ఫోన్ లాక్కున్నాను. అయినా చీకట్లో కళ్లు తెరుచుకుని పడుకునేవాడు. మొండితనం అనుకున్నాను. పొద్దున కెమిస్ట్రీ పుస్తకం ముందు గంటసేపు ఒకటే పేజీ. పెన్ను జారి నోట్సు మీద వానపాములా గీత. బద్ధకం అన్నాను. ఓ రోజు టోస్టు మాడిందని ఏడ్చాడు. పదహారేళ్లవాడు, రొట్టెముక్కకి! దానికీ ఓ క్లాసు పీకాను.

ఓ శనివారం స్నేహితులు భోజనానికొస్తే నా హాస్టల్ వీరగాథ విప్పాను. మావాడు మెల్లిగా అడిగాడు: "నాన్నా, అప్పుడు పొద్దున్నే చదివింది ఏమైనా గుర్తుందా?"

నోరు తెరిచాను. మాట రాలేదు. గచ్చు మీద వార్డెన్ కర్ర టకటకలు గుర్తున్నాయి. బకెట్లో చన్నీళ్లు గుర్తున్నాయి. పుస్తకం నిలబెట్టి, దాని వెనక కునుకు తీసే విద్య బాగా గుర్తుంది. చదివింది మాత్రం ఒక్క ముక్క లేదు.

ఆ రాత్రి కూర్చుని, ముందే చదవాల్సింది చదివాను. ఆ వయసులో నిద్రవేళను సూచించే మెలటోనిన్ ఒంట్లో ఆలస్యంగా ఊరుతుందట. ఫోను ఆ ఆలస్యాన్ని పెంచుతుందేమో గానీ, దాంతోనే మొదలవదు. 14–17 ఏళ్లవాళ్లకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని ఆస్ట్రేలియా ప్రభుత్వ మార్గదర్శకాలే చెబుతున్నాయి. నేను మిగిల్చింది నాలుగున్నర. పగలు చదివింది మెదడు సర్దుకునేది ఎక్కువగా నిద్రలోనే. నిద్ర చాలకపోతే కోపమూ ఏడుపూ అదుపు తప్పుతాయి. అంటే చదివింది లోపల సర్దుకుంటున్న వేళకు సరిగ్గా వెళ్లి తలుపు బాదుతున్నది నేనే.

సెప్టెంబరు సెలవుల్లో లేపడం మానేశాను. నాలుగోరోజో ఐదోరోజో బాత్రూంలోంచి పాట వినిపించింది. వాడు పాడటం ఎప్పుడు మానేశాడో కూడా నేను గమనించలేదు.

నవ్వుకుంటున్నారా? నవ్వుకోండి. పిల్లల పరీక్షల టైంటేబుల్ వచ్చాక మీ అలారం ఎన్నింటికి పెట్టారో ఓసారి చూసుకోండి.

నాకు ఇప్పటికీ నాలుగున్నరకే మెలకువ వస్తుంది. అలవాటు. వాడి తలుపు దాకా వెళ్తాను. కాసేపు నిలబడి, చప్పుడు చెయ్యకుండా వెనక్కొచ్చేస్తాను.