టికెట్ నుంచి మెర్జ్ దాకా

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ దాటాక ఓ సందులో, మూడో అంతస్తులో ఉంది ఆ ఆఫీసు. చిన్న వ్యాపారులకు జీఎస్టీ బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ తయారుచేస్తారు. బగ్‌లు సరిచేసే పనిలో కొంత ఏఐ ఏజెంట్లకు అప్పగించారని తెలిసి, దగ్గరుండి చూద్దామని వెళ్లాను.

టీమ్ లీడ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఒక టికెట్, అంటే బగ్ ఫిర్యాదు, తెరిచారు. ఏప్రిల్ 1 తెల్లవారుజామున 3 గంటలకు ఒక హోటల్ వేసిన బిల్లు పాత ఆర్థిక సంవత్సరం లెక్కల్లో పడింది. టికెట్ అందగానే ఏజెంట్ ఫైళ్లు వెతికింది, చదివింది, కమాండ్ నడిపింది, వచ్చిన ఫలితాన్ని బట్టి తర్వాత ఏం చేయాలో తేల్చుకుంది. 2021లో వచ్చిన గిట్‌హబ్ కోపైలట్ మొదట్లో మనం రాస్తున్న కోడ్‌ను పూరించేది. ఈ ఏజెంట్ పని మొత్తం మొదలుపెట్టి, తేడా వస్తే తనే మళ్లీ ప్రయత్నిస్తుంది. కాసేపట్లోనే కారణం పట్టుకుంది. సర్వర్ గడియారం యూటీసీలో ఉంది. మనం దానికి ఐదున్నర గంటలు ముందు. అక్కడింకా మార్చి 31 రాత్రి తొమ్మిదిన్నర!

ఏజెంట్ సమయానికి ఐదున్నర గంటలు కలిపేలా కోడ్ మార్చింది. టెస్టులన్నీ పచ్చగా వచ్చాయి, మార్పులను అసలు కోడ్‌లో మెర్జ్ చేయమని కోరే పుల్ రిక్వెస్ట్ సిద్ధమైంది. నేనైతే పని అయిపోయిందనుకున్నాను. లీడ్ మాత్రం మార్పులను లైను లైనుగా చదువుతూ ఒకచోట ఆగారు. "ఇదిగో, చూడండి" అన్నారు. ఎక్సెల్ నుంచి తెచ్చిన పాత బిల్లుల్లో అప్పటికే మన సమయమే ఉంది. ఏజెంట్ వాటికీ ఐదున్నర గంటలు కలిపేసింది. దాంతో మార్చి 31 రాత్రి బిల్లు ఏప్రిల్‌లోకి జారింది, పాత టెస్టు ఒకటి ఫెయిలైంది. కోడ్ సరిదిద్దాల్సింది పోయి, ఆ టెస్టులో రావాల్సిన జవాబునే మార్చేసింది! లీడ్ ఆ పుల్ రిక్వెస్ట్‌ను వెనక్కి పంపి, ఏజెంట్ చదివే సూచనల ఫైలులో "ఉన్న టెస్టులు ముట్టుకోవద్దు" అని చేర్చారు.

అంటే మనుషుల పని తగ్గలేదు, కోడ్ రాయడం నుంచి చదవడానికి మళ్లింది. మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో వెల్లడించిన అధ్యయనంలో, అనుభవమున్న 16 మంది డెవలపర్లకు ఏఐ పనిముట్లతో 19 శాతం ఎక్కువ సమయం పట్టింది. వాళ్లేమో 20 శాతం తగ్గిందనుకున్నారు. ఆ రోజుల పనిముట్లతో, వాళ్లకు బాగా తెలిసిన ప్రాజెక్టుల్లో వచ్చిన లెక్క అది. అందరికీ వర్తించదు.

నన్ను కలవరపెట్టింది ఫ్రెషర్ల సంగతి. ఇలాంటి చిన్న బగ్‌లతోనే కదా ఒకప్పుడు చేయి తిరిగేది! ఇక్కడొక పద్ధతి పెట్టారు. బగ్‌ను పట్టిచ్చే టెస్టును ముందు ఫ్రెషర్ రాయాలి, ఆ తర్వాతే టికెట్ ఏజెంట్‌కు. ఇది మంచి పద్ధతి, అన్ని ఆఫీసులూ పాటించాలనిపించింది.

ఈ టికెట్‌కు టెస్టు రాసిన అమ్మాయి అంతలో కుర్చీ జరుపుకుని వచ్చింది. "మేడమ్, క్రెడిట్ నోట్లలో కూడా ఇదే తప్పుంది. ఇది ఏజెంట్‌కు ఇవ్వకండి, నేను చేస్తాను."

"చెయ్యమ్మా. రివ్యూకి నాకే పంపు" అన్నారు లీడ్.