స్ట్రాబెర్రీ, చాక్లెట్, మా మేడమీది సారు

మా తమ్ముడు సినిమా చూపిస్తానన్నాడంటే నాకు గుండెల్లో రాయి పడుతుంది. వాడి సినిమాల్లో పాటలుండవు, పెళ్ళిళ్ళుండవు. మొన్న హన్మకొండ వచ్చినవాడు లాప్‌టాప్ ముందు కూచోబెట్టి, "అక్కా, ఇది క్యూబాది. నీకు నచ్చుతది" అన్నాడు. మామిడికాయ ముక్కలు తుడుస్తూ చూద్దాంలే అనుకున్నాను. ముక్కలు అలాగే ఉండిపోయాయి.

పేరు 'స్ట్రాబెర్రీ అండ్ చాక్లెట్'. 1993లో వచ్చింది. దర్శకుడు గుటియరెజ్ ఆలియాకి అప్పటికే కాన్సరు. అందుకని తాబియో అనే మరో ఆయన చేయి వేశాడు. కథ జరిగేది 1979లో, హవానాలో. డేవిడ్ రైతుబిడ్డ, కమ్యూనిస్టు కుర్రాడు, విప్లవం పుణ్యమా అని కాలేజీ మెట్లెక్కినవాడు. కొప్పేలియా అనే ఐస్‌క్రీం పార్లర్‌లో డియేగో వచ్చి అతని ఎదుట కూచుంటాడు. చాక్లెట్ దొరుకుతూండగా స్ట్రాబెర్రీ తెచ్చుకున్నాడు కనుక, ఇతను మగవాళ్ళని ఇష్టపడే మనిషేనని డేవిడ్ తేల్చేస్తాడు! ఐస్‌క్రీంలో ఇంత అర్థం ఉంటుందని నాకేం తెలుసు, బాదంపాలు తాగేదాన్ని!

డియేగో మీద నిఘా పెట్టమంటాడు డేవిడ్ స్నేహితుడు. నిఘాకని వెళ్ళినవాడు పుస్తకాలకీ, సంగీతానికీ, కబుర్లకీ అలవాటు పడిపోతాడు. డియేగో తన ఫ్రిజ్‌కి పేరు పెట్టుకుని పిలుస్తాడు, మేరీమాతతో పోట్లాడతాడు. దేశాన్ని ప్రేమించడంలో మాత్రం డేవిడ్‌కేం తీసిపోడు. అయినా ఆ దేశంలో అతనికి చోటుండదు. 1960ల్లో అలాంటివాళ్ళని అక్కడ పనిశిబిరాలకి తోలారు. ఆ అన్యాయానికి బాధ్యత తనదేనని కాస్ట్రో 2010లో ఒప్పుకున్నాడు.

మనమేదో మహా మంచివాళ్ళమని కాదు. మన సుప్రీంకోర్టు 377వ సెక్షన్ కోరలు పీకింది 2018లో. హిజ్రాల పేర్లు రిజిస్టరులో ఎక్కించమన్న 1919 నాటి నిజాం చట్టాన్ని తెలంగాణ హైకోర్టు కొట్టేసింది 2023లోనే.

ఇదంతా చూస్తుంటే నాకు మా మేడమీది సారు కళ్ళముందు మెదిలాడు. 1984 నాటి మాట. పెళ్ళి కాలేదు, చేసుకునే ఊసూ లేదు. కిటికీలకి తానే పూలు కుట్టిన కర్టెన్లు. సాయంత్రమైతే హార్మోనియం. తమ్ముడప్పుడు యూనివర్సిటీలో ఎర్రజెండా పట్టుకు తిరిగేవాడు. సారుని 'బూర్జువా' అంటూనే రోజూ పేపరు వంకతో పైకెక్కేవాడు. అన్నానికి పిలిస్తే గాని దిగేవాడు కాదు. వీధిలో గుసగుసలు మొదలయ్యాయి. ఒక రాత్రి పోలీసులు వచ్చి మా ఇల్లంతా గాలించారు. ఏమీ దొరకలేదు. తమ్ముడి కరపత్రాలన్నీ సారు హార్మోనియం పెట్టెలో ఉన్నాయి మరి!

అలాంటి మనిషిని మూడు నెలలు తిరక్కుండా ఖాళీ చేయమన్నాం. "ఆడపిల్ల ఉన్న ఇల్లు" అంది అమ్మ. ఆ ఆడపిల్లని నేనే. నా వల్ల ఆయనకి ఇబ్బంది గాని ఆయన వల్ల నాకేం ఇబ్బంది? అయినా ఆ మాట పైకి మోసుకెళ్ళింది నేనే. "సరేనమ్మా" అన్నాడాయన, అంతే. తమ్ముడు నోరు మెదపలేదు. తోటివాళ్ళు అప్పటికే వాణ్ణి ఆట పట్టిస్తున్నారు. సారు రిక్షా ఎక్కేవేళకి వాడు ఇంట్లోంచే మాయమయ్యాడు.

సినిమాలో డియేగో దేశం విడిచి పోతూ, ఒక్కసారి కౌగిలించుకోమంటాడు. డేవిడ్ కౌగిలించుకుంటాడు. తమ్ముడు అక్కడ సినిమా ఆపేశాడు.

"సారు పోయేటప్పుడు నాకేమన్నా చెప్పమన్నడా అక్కా?"

నలభై ఏళ్ళలో వాడు నన్నీ మాట అడగడం ఇదే మొదలు.

చెప్పమనలేదు, ఇవ్వమన్నాడు. తమ్ముడికిమ్మని బేగం అఖ్తర్ రికార్డొకటి నా చేతిలో పెట్టాడు. అమ్మ చూస్తే ఏమనుకుంటుందోనని నా చీరల కింద దాచాను. తరవాత నా పెళ్ళయింది. ఆ రికార్డు నా ట్రంకు పెట్టెతోబాటే ఇల్లిల్లూ తిరిగింది. ఇస్తే అన్నాళ్ళూ ఎందుకివ్వలేదో చెప్పాలి కదా!

లేచి వెళ్ళి పెట్టె తెరిచాను. అట్ట అంచులు పురుగు కొట్టేసింది. వాడు రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"దీన్ని వాయించే మిషను ఎక్కడ దొరుకుతదే?" అన్నాడు.