దుప్పులకు మేం పెట్టిన బువ్వ



పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి. మేం చేసిన ఒక పొరపాటు గురించి ఇది. గ్రూపులో చాలామంది హాస్టళ్లు, ఊర్లు అడవి అంచునే ఉంటాయి కాబట్టి సిగ్గుపడకుండా రాస్తున్నాం.

మేం ఒకే రూములో ఉండే ఆరుగురం. అందరం బీజెడ్‌సీ, రెండో సంవత్సరం. ఆరుగురి ఇండ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మా హాస్టల్ వెనక కాంపౌండ్ గోడ ఒకచోట కూలిపోయి ఉంది. అవతల టేకు ప్లాంటేషన్, దాని వెనక అడవి. పోయిన ఎండాకాలం మెస్‌లో మిగిలిన అన్నం పారేయబుద్ధి కాక, ఆ గోడ పక్కన ఉన్న పాత సిమెంటు తొట్టిలో పోశాం. తెల్లారేసరికి తొట్టి ఖాళీ. మర్నాడు కాపలా కాస్తే రెండు దుప్పులు.

ఇంకేముంది, రోజూ అదే పని. పక్కన నీళ్ల టబ్బు పెట్టాం. తలా పది రూపాయలు వేసుకుని ఉప్పు గడ్డ కొని కట్టెకు కట్టాం. నెల తిరిగేసరికి ఇరవై దాకా దుప్పులు రావడం మొదలుపెట్టాయి. వీడియో తీసి స్టేటస్‌లు పెట్టుకున్నాం. "అడవిని కాపాడేది మేమే" అని రాసుకున్నాం కూడా.

హాస్టల్ పక్కన ఒక అవ్వ ఉంటుంది. ఆమెకు పదకొండు మేకలు. పగలు ఆ మేకలు కూడా మా తొట్టి దగ్గరికే వచ్చేవి. రాత్రి దుప్పులు, పగలు మేకలు. ఒకదాన్నొకటి చూసుకున్నది లేదు, కానీ మూతి పెట్టేది ఒకే తొట్టిలో. అది మాకు అప్పుడు తట్టలేదు.

వానలు పడే ముందు అవ్వ మేకలకు ముక్కు కారడం, నోరు పూయడం, పారుడు మొదలైంది. వారంలో నాలుగు చచ్చిపోయాయి. పశువుల డాక్టర్ సారు వచ్చి మేకల పారుడు రోగం, పీపీఆర్ అన్నారు. అవ్వ సంతలో కొత్తగా కొన్న మేక నుంచి వచ్చి ఉంటుందన్నారు. మేం లోపల్లోపల ఊపిరి పీల్చుకున్నాం, మా తప్పు కాదులే అని. అప్పుడే సారు మా తొట్టి చూశారు.

"ఇందులో దుప్పులు కూడా తింటయా?" అని అడిగారు. అవునన్నాం. "ఈ రోగం అడవి జంతువులకు కూడా సోకుతది. అటు నుంచి ఇటో, ఇటు నుంచి అటో, దారి మాత్రం మీరే వేసిన్రు" అన్నారు.

పది రోజుల తర్వాత టేకు చెట్ల మధ్య ఒక దుప్పి పిల్ల చచ్చి కనిపించింది. బీట్ ఆఫీసర్‌కు చెప్తే వచ్చి తీసుకుపోయారు. రోగమా, మేం పెట్టిన అన్నమా అనేది మాదాకా రాలేదు. అన్నం అనుమానం ఎందుకంటే, ఆకు, గడ్డి తినే జంతువు ఒక్కసారిగా అన్నమో, గింజలో ఎక్కువ తింటే కడుపులో పులిసి ప్రాణం మీదకు వస్తుందని తర్వాత తెలిసింది.

జువాలజీ మేడమ్ సెమినార్‌కు టాపిక్ ఎంచుకోమంటే మేం ఇదే అడిగాం: దుప్పులకు మేత వేస్తే నిజంగా రోగం పెరుగుతుందా? చదివింది ఇక్కడ క్లుప్తంగా చెప్తాం.

అమెరికాలో మిషిగన్ రాష్ట్రం. అక్కడ సీజన్‌లో దుప్పుల వేటకు అనుమతి ఉంది. మంచు కాలంలో దుప్పులు చావొద్దని, వేటకు దగ్గర్లోనే ఉండాలని మక్కలు, క్యారెట్లు, చక్కెర దుంపలు కుప్పలుగా పోసేవాళ్లు. 1994లో వేటాడిన ఒక దుప్పిలో పశువుల టీబీ బయటపడింది. మొదట అది పశువుల నుంచే దుప్పులకు వచ్చిందని అంచనా. తర్వాత దుప్పుల్లోనే నిలిచిపోయి, తిరిగి పశువుల కొట్టాల్లోకి వచ్చింది. చలిలో ఆ క్రిమి మేత మీద వారాల తరబడి బతుకుతుందని, రోగమున్న దుప్పులు మూతి పెట్టిన మేత తింటే దూడలకు కూడా అంటుతుందని ప్రయోగాల్లో తేలింది. 1998 నుంచి ఆ ప్రాంతంలో మేత వేయడం మీద ఆంక్షలు పెట్టారు. వేట పెంచి దుప్పుల సంఖ్య కూడా తగ్గించారు. రోగం గట్టిగా ఉన్నచోట 1995లో వందకు దాదాపు ఐదు దుప్పుల్లో ఉన్న టీబీ, తర్వాత రెండుకు దగ్గరగా దిగింది. రెండు పనులూ కలిపి చేశారు కాబట్టి తగ్గిందంతా మేత ఆపినందుకే అనలేం. కానీ మేతకు పాత్ర లేదని కూడా అనలేం.

రెండోది నార్వే. అక్కడ కొండల మీద గొర్రెల కోసం ఉప్పు గడ్డలు పెడతారు. అడవి రెయిన్‌డీర్‌లు కూడా వచ్చి అవే నాకుతాయి. 2016లో వాటిలో మెదడును తినేసే ఒక రోగం కనిపించింది. దానికి మందు లేదు, టీకా లేదు. ఉమ్మి, మూత్రం, పేడతో మట్టిలోకి చేరి ఏండ్ల తరబడి ఉంటుంది. అందుకే జంతువులు గుమిగూడే ఉప్పు గడ్డల చోట్లు పెద్ద భయమయ్యాయి. రోగం ఆపడానికి నోర్డ్‌ఫెల్లా అనే ప్రాంతంలో రెండు వేలకు పైగా ఉన్న మొత్తం మందను 2018 కల్లా చంపేశారు. ఇది చదివిన రోజు మాలో ఎవరికీ మాట రాలేదు. మేం కట్టెకు కట్టిన ఉప్పు గడ్డే కళ్లముందు కనిపించింది.

సెమినార్‌లో ఒక తమ్ముడు మంచి ప్రశ్న వేశాడు. "అన్నా, ఇప్పపువ్వు రాలినప్పుడు చెట్టు కింద కూడా దుప్పులు చేరతయి కదా, మరి దానికేమంటరు?" నిజమే, చేరతాయి. మా తాతలు ఒకప్పుడు మాటు వేసింది ఆ చెట్ల కిందనే. కానీ ఇప్పపువ్వు కొన్ని వారాలే రాలుతుంది. ఒక చెట్టు కింద కాదు, అడవంతా చెట్ల కింద చెల్లాచెదురుగా పడుతుంది. ఏరుకుని తినాలి. మా తొట్టి అలా కాదు. రోజూ అదే చోటు, అదే కుప్ప, ఇరవై మూతులు.

ఇది మనకు వేరేవాళ్లు చెప్పాలా? హాస్టల్‌లో నీళ్ల డ్రమ్ముకు గొలుసుతో కట్టిన ఒక్క స్టీలు గ్లాసు మనందరికీ తెలుసు. ఒకరికి జ్వరం వస్తే వారంలో రూమంతా పడుకుంటుంది. ఒకరికి కండ్లకలక వస్తే అందరికీ వస్తుంది. ఆ గ్లాసునే మేం అడవిలో పెట్టి వచ్చాం.

ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. అడవి జంతువులకు రోగం అనగానే వేలు మన పసుల వైపే లేస్తుంది. పసుల నుంచి రోగాలు పోవడం నిజమే, కాదనడం లేదు. కానీ కారు ఆపి బిస్కెట్లు వేసే టూరిస్టుకు, ఫోటో కోసం మక్కలు చల్లే రిసార్టుకు కూడా అదే లెక్క వర్తించాలి. ఇంకోటి, 1972 వన్యప్రాణి చట్టంలో 'వేట' అనే మాటకు ఇచ్చిన అర్థంలో ఎర వేయడం కూడా ఉంది. సరదాగా మేత వేసి దగ్గరికి రప్పించే తమ్ముళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. కేసైతే చదువు ఆగుతుంది.

తొట్టి పగలగొట్టాం. ఉప్పు గడ్డ తీసేశాం. కొన్ని రోజులు దుప్పులు వచ్చి ఖాళీ జాగా వాసన చూసి పోయేవి. అది చూడటం కష్టమే అయ్యింది. తర్వాత రావడం మానేశాయి.

స్కాలర్‌షిప్ పడ్డాక కొంత డబ్బు కలిపి అవ్వకు ఇవ్వబోయాం. తీసుకోలేదు. "పైసలెందుకు బిడ్డా, సూదులేసే రోజు మేకలను పట్టుకోనీకి రాండ్రి" అన్నది. పోయాం. ఏడు మేకలకు టీకా వేయించాం. ఒక్కసారి వేస్తే సుమారు మూడేండ్లు కాపాడుతుందట. వాడలో ఇంకో నలుగురి మేకలను కూడా పట్టుకొచ్చాం.

మీ హాస్టల్ దగ్గర, మీ ఊర్లో ఎవరైనా దుప్పులకు మేత, ఉప్పు పెడుతుంటే మా సంగతి చెప్పండి. టీకాల క్యాంపు ఎప్పుడో మీ పశువుల దవాఖానలో అడిగి కామెంట్‌లో పెట్టండి, అందరికీ తెలుస్తుంది. దుప్పులకు అడవి పెట్టే తిండి చాలు. ఆ అడవి ఉండేటట్టు చూడటమే మన పని.

జై సేవా. జై ఆదివాసీ.