గజదొంగ మీద ఇంటిల్లిపాది అభిప్రాయాలు

గోన గన్నారెడ్డి మంచివాడా కాదా అన్న విషయంలో మా ఇంట్లో నాలుగు నెలలుగా ఏకాభిప్రాయం లేదు. అత్తమ్మది ఒక మాట, మా ఆయనది ఇంకో మాట, తొమ్మిదో తరగతి చదివే అమ్మాయిది పూటకో మాట. ఆరో తరగతి వాడికి గుర్రాలు తప్ప ఏవీ పట్టవు. పోయినసారి పేరెంట్స్ మీటింగ్‌లో మా వంతు కోసం కూర్చుని ఈ గొడవ చెప్తుంటే, పక్కన ఉన్న ఒకావిడ "ఏ చానల్‌లో వస్తుందండీ?" అని అడిగారు. సీరియల్ కాదండీ, నవల. అడివి బాపిరాజు గారి ‘గోన గన్నారెడ్డి’. డెబ్బై ఏళ్లు దాటిన పుస్తకం.

చదవని వాళ్ల కోసం కథ క్లుప్తంగా చెప్తాను. కాకతీయుల కాలం. గణపతిదేవుడికి కొడుకులు లేరు. కూతురు రుద్రమను రుద్రదేవుడనే పేరుతో మగపిల్లాడిలా పెంచి రాజ్యం అప్పగిస్తాడు. ఆడదాని ఏలుబడి ఇష్టం లేని సామంతులు లోపల్లోపల కుట్రలు పన్నుతుంటారు. అప్పుడే గోన గన్నారెడ్డి అనే గజదొంగ పేరు మోగిపోతుంది. ఆదవోనిలో ఒక పెద్దింటి పెళ్లి జరుగుతుంటే వచ్చి పడి ఎత్తుకుపోతాడు. ఎవరినంటారు? పెళ్లికూతురిని కాదు, పెళ్లికొడుకుని! పెళ్లికూతురు అన్నాంబిక అక్కడే మిగిలిపోతుంది. ఆ దొంగ పైకి దొంగ, లోపల రుద్రమ మనిషి. ఇక వేషాలు, వేగులవాళ్లు, యుద్ధాలు, వాటి మధ్య ప్రేమకథలు. అట్ట చూసి బరువైన చరిత్ర అనుకుంటాం గానీ చాలా భాగం సరదాగానే సాగిపోతుంది. గుట్టు చెప్పేశానని కోప్పడకండి. 2015లో ‘రుద్రమదేవి’ సినిమాలో అల్లు అర్జున్ ఆ వేషం వేశాక అది పెద్ద గుట్టేం కాదు.

ఈ పుస్తకం మా ఇంటికి రావడానికి కారణం అత్తమ్మ కళ్లు. శుక్లాలు. షుగర్ అదుపులోకి వస్తే తప్ప ఆపరేషన్ చెయ్యమన్నారు డాక్టరు గారు. ఆమెది నల్లగొండ వైపు పల్లెటూరు. చదివింది ఐదో తరగతే అయినా ఊరి గ్రంథాలయంలో నవలలన్నీ నమిలేసిన మనిషి. పేపర్ కూడా చదువుకోలేక రోజంతా మంచం మీద కూర్చుని విసుక్కుంటుంటే చూడలేకపోయాం. ఫోన్‌లో కథలు వినిపించే ఆప్ పెట్టిస్తే, "అదెవరో ముక్కుతోని చదువుతున్నది" అని రెండు రోజులకే తీసేయించింది. నాకు ఆఫీసు. మా ఆయనకు పండ్ల మార్కెట్. గడ్డిఅన్నారం మార్కెట్ 2021లో బాటసింగారం వచ్చాక మేమూ దిల్‌సుఖ్‌నగర్ వదిలి ఇటే వచ్చేశాం. ఆయనకు తెల్లవారుజాముకి లారీలు, పొద్దున హర్రాజు. చివరికి చదివి వినిపించే పని అమ్మాయి మీద పడింది. రోజుకి అరగంట చదివితే ఇంకో అరగంట ఫోన్ ఇస్తామని ఒప్పందం. ఒప్పందం లేకుండా మా పిల్ల మంచినీళ్లు కూడా తేదు.

మొదటి రోజు అరగంటకి ఒక్క పేజీ కూడా అవ్వలేదు. "మండలేశ్వరుడు" దగ్గర ఆగింది. "మహాసామంతుడు" దగ్గర ఆగింది. ఒత్తుల దగ్గర కారు స్పీడ్ బ్రేకర్ ఎక్కినట్టు ఎగిరెగిరి పడింది. ఇంగ్లిష్ నవలలు రెండు రోజుల్లో ముగించే పిల్ల ఇది. తెలుగు పరీక్షల్లో ఎప్పుడూ మంచి మార్కులే. 2018లో చట్టం వచ్చాక తెలుగు అన్ని స్కూళ్లలోనూ తప్పనిసరి సబ్జెక్టు అయింది కదా, పుస్తకం బ్యాగులో ఉంటుంది, నోట్సు ఉంటుంది, ప్రశ్నకి జవాబు నోటికొస్తుంది. ముందెప్పుడూ చూడని పేజీ చేతికిస్తే మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. మన పిల్లల్లో చాలామంది ఇంతేనని మీకూ తెలుసు. మార్కులు చూసి మనమూ ఇంకేం అడగం.

పైగా బాపిరాజు గారు చిత్రకారులు. ఆయన చీర అంటే చీర అని వదిలెయ్యరు. అంచు, రంగు, నగలు, నడక, వెనకాల సాయంత్రపు ఆకాశం, అన్నీ గీసి గానీ కదలరు. మా పిల్ల ఆ వర్ణనలు గుట్టుగా దాటేసేది. అత్తమ్మ కళ్లు మసకే గానీ చెవులు కాదు. "పట్టుచీర కట్టింది, నగలు పెట్టనే లేదు, అప్పుడే రథం ఎట్లెక్కింది? ఎన్ని లైన్లు మింగినవ్?" అని పట్టేసుకునేది. మళ్లీ వెనక్కి వెళ్లాల్సిందే.

రెండు వారాలు ఇలా మూలుగుతూ నడిచింది. తరువాత వచ్చింది అసలు గొడవ, పెళ్లి పందిరి మీద.

అత్తమ్మకు గన్నారెడ్డి చేసిన పని అస్సలు నచ్చలేదు. "ముహూర్తం మీద పెండ్లి ఆపితే ఆ పిల్ల గతేంది? మంచిపని చేసెటోడు మంచిగనే చెయ్యాలె. పిల్లగాన్ని తొవ్వలనే పట్టుకోరాదా, పందిట్లకు రావాల్నా?" అంది. వాళ్ల ఊళ్లో ఎప్పుడో కట్నం దగ్గర మాట తేడా వచ్చి పెళ్లివారు పందిట్లోంచి లేచిపోయారట. ఆ అమ్మాయికి తరువాత సంబంధమే కుదరలేదట. ఇన్నేళ్ల కాపురంలో ఆ సంగతి ఆమె నోట నేను వినడం అదే మొదలు. మా ఆయనక్కూడా తెలీదు. నవల కాసేపు పక్కకుపోయింది.

మా పిల్లకు మొదట్లో గన్నారెడ్డి హీరో. ఇష్టం లేని పెళ్లి తప్పించాడు, అంతే. నానమ్మ ఈ మాట చెప్పాక రెండు రోజులు ఆలోచించి కొత్త పాయింటు తెచ్చింది. "నానమ్మా, పెళ్లి చేసేటప్పుడు నాన్న అన్నాంబికను అడగలేదు. ఆపేటప్పుడు దొంగా అడగలేదు. ఇద్దరూ ఒకటే." రుద్రమను కూడా ఎవరూ అడగలేదు, మగవేషం వెయ్యాలని పెద్దవాళ్లే తేల్చేశారు. ఆ లెక్కన ఈ కథలో ఆడవాళ్లను ఎవరు అడిగారు? అత్తమ్మ ఊరుకుంటుందా, "అన్నాంబిక మనసుల ఆ పెండ్లి లేదు, రాసి ఉంది, నువ్వు సరిగ్గ సదువలే" అంది. మా పిల్ల పుస్తకం లాక్కుని వెనక్కి పేజీలు తిప్పడం మొదలుపెట్టింది.

నేను వంటింట్లోంచి చూస్తున్నాను. వేలు పెట్టి లైను వెంట లైను పరిగెత్తిస్తోంది. పైకి చదవట్లేదు, పెదాలు కదలట్లేదు, ఒత్తుల దగ్గర ఆగట్లేదు. ఎక్కడుందో వెతుకుతోంది, దొరకగానే గట్టిగా చదివింది, నానమ్మ ఇంకో చోటు చెప్పింది, మళ్లీ వెతికింది. ఆ రోజు ఫోన్ అరగంట అడగడం మరిచిపోయింది. తరువాత వారంలో ఆ పుస్తకం నిండా పసుపు రంగు చీటీలు. నా వాదనకు సాక్ష్యాలు అంటుంది.

మా ఆయన పుస్తకం పట్టుకోలేదు, సోఫాలో పడుకుని విన్నారు. ఆయనకు ప్రేమకథలు పట్టలేదు, వేగులవాళ్లు నచ్చారు. "ఏ తోటలో కాయ ఎంత దిగింది, ఏ లారీ చౌటుప్పల్ దాటింది, ఇవి ముందు తెలిసినోడిదే హర్రాజు. గన్నారెడ్డి గెలిచింది కత్తితో కాదు, కబురుతో" అని ఆయన తీర్మానం. బత్తాయిల కమీషన్ ఏజెంటు కాకతీయ రాజకీయాలకు అర్థం చెప్తుంటే మా వాడు నోరు తెరుచుకుని విన్నాడు. నిజానికి ఇది మన దగ్గర పాత విద్యే. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో గూఢచారుల్ని రకరకాలుగా విడదీసి చెప్పారు: శిష్యుడి వేషంలో తిరిగేవాడు, సన్యాసి వేషం, రైతు వేషం, వర్తకుడి వేషం, భిక్షుకి, విషం పెట్టేవాడు కూడా. వర్తకుడి వేషం ఉందనగానే మా ఆయనకు ఎక్కడ లేని గౌరవం వచ్చింది. అన్నట్టు ‘వేగు’ అన్న మాట మా పిల్లకు వేగుచుక్కలోనే తెలుసు. ఇద్దరూ తెల్లారకముందే తిరిగేవాళ్లు కదా అని తానే ఒక అర్థం చెప్పుకుంది. నేను దిద్దలేదు.

మా కాలనీలో రిటైరైన తెలుగు మాస్టారు ఒకరున్నారు. అనుమానాలు తీర్చుకోవడానికి పిల్లల్ని ఆయన దగ్గరికి పంపాను. ఆయన అభిప్రాయం ఒక్క మాటలో: "నవల నవలే, చరిత్ర చరిత్రే." గన్నారెడ్డి నిజంగా ఉన్నాడు, రాయచూరు కోటలో 1294 నాటి శాసనం ఆయన పేరు చెప్తుంది, ఆ కోట కట్టించింది ఆయన సేనాని విఠలనాథుడు. కానీ పెళ్లికొడుకుని ఎత్తుకుపోవడాలు, వెన్నెల రాత్రుల మాటలు బాపిరాజు గారివే. గోన వంశం కవిత్వం ఉన్న వంశమని కూడా చెప్పారట. రంగనాథ రామాయణం గోన బుద్ధారెడ్డిది. ఆయన కూతురు కుప్పాంబిక పద్యం బూదపురం శాసనంలో ఉంది, తొలి తెలుగు కవయిత్రి అని ఆమెకు పేరు. "ఆమె మీద నవల ఎందుకు రాయలేదు?" అని ఇంటికొచ్చి మా పిల్ల అలిగింది. మాస్టారు ఇంకోటి చెప్పారు, మన విజయవాడ రోడ్డులోనే నకిరేకల్ దగ్గర చందుపట్లలో 1289 నాటి శాసనం ఉందని, రుద్రమదేవి కన్నుమూసిన సంగతి తెలిసింది దాని వల్లేనని. మేం అత్తమ్మ ఊరికి వెళ్లే ప్రతిసారీ ఆ పక్క నుంచే వెళ్తాం, ఎప్పుడూ ఆగలేదు.

స్కూల్ లైబ్రరీలో మా పిల్లకు ‘ది స్కార్లెట్ పింపర్నెల్’ దొరికింది. 1905లో బారనెస్ ఓర్జీ రాసిన నవల. ఫ్రెంచి విప్లవం రోజుల్లో ఒక ఇంగ్లిష్ దొర పైకి సోకులరాయుడిలా నవ్వులపాలవుతూ, లోపల వేషాలు మార్చి గిలటిన్ కింద తల పెట్టాల్సిన వాళ్లను దాటించేస్తుంటాడు. కట్టుకున్న భార్యకూ తెలీదు. ముప్పై పేజీలకే వచ్చి, "నానమ్మా, మన గన్నారెడ్డి లండన్‌లో కూడా ఉన్నాడు" అంది. ఆ కథ అంతా అత్తమ్మకు తెలుగులో చెప్పింది. "పెండ్లాంకు చెప్పనోడు నాకొద్దు" అని ఆ దొరను కూడా కొట్టేసింది ఆవిడ.

ఒక అభ్యంతరం మాత్రం తేలిగ్గా తీసెయ్యలేను. మా పిల్ల క్లాస్‌మేట్ వాళ్ల అమ్మ ఫోన్ చేసి, "తొమ్మిదో తరగతి పిల్లకు ప్రేమకథ ఎందుకక్కా? వచ్చే ఏడు పదో తరగతి" అన్నారు. ప్రేమ సంగతికి నాకు భయం లేదు. ఫోన్‌లో వచ్చేదానితో పోలిస్తే ఈ నవలలో నిట్టూర్పులూ పద్మాలూ తప్ప ఏం ఉంది! పైగా పక్కన నానమ్మ. నాకు నచ్చనివి వేరే ఉన్నాయి. ఇందులో మంచివాళ్లందరూ అందగాళ్లే, అందగత్తెలే. దొంగ ఏం చేసినా రచయిత ఇట్టే క్షమించేస్తారు. పదే పదే వచ్చే వర్ణనలు కొన్ని నాకూ విసుగు పుట్టించాయి. ఇది నేను పిల్ల ముందే అన్నాను, తనూ ఒప్పుకుంది, అత్తమ్మ మాకిద్దరికీ రసం తెలీదంది.

ఆ ఫోన్ కాల్‌లో పదో తరగతి మాట మాత్రం నిజం. దాని తరువాత ఇంటర్. సెకండ్ లాంగ్వేజ్ సంస్కృతం అని మేం ఎప్పుడో రాసి పెట్టుకున్నాం. మార్కులు బాగా వస్తాయి, టైమ్ కలిసొస్తుంది, ఎంట్రన్స్‌కి ఆ టైమ్ కావాలి. పది కుటుంబాలు ఉంటే తొమ్మిది అదే చేస్తాయి. పోయిన వారం మా పిల్ల అన్నం తింటూ మామూలుగా అడిగింది, "ఇంటర్‌లో తెలుగు తీసుకుంటే ఎన్ని మార్కులు పోతాయి డాడీ?" అని. ఆయన ఒక అంకె చెప్పారు. నేను ఇంకో అంకె చెప్పాను. ఇద్దరికీ లెక్క తెలీదని దానికి అర్థమైపోయింది. ఆ విషయం ఇంకా తేలలేదు. ఫీజు కట్టేది మనమే గానీ, ఆ రెండేళ్లు చదివేది తను. అన్నాంబిక వాదన వినీ వినీ ఇప్పుడు అడక్కుండా మేం తేల్చెయ్యలేం.

అత్తమ్మకు ఆపరేషన్ అయి నెల దాటింది. టీవీలో కింద పరిగెత్తే వార్తలు గడగడా చదివేస్తోంది, కూరగాయల బండి మీద రేట్లు నాకంటే ముందు చూస్తోంది. పుస్తకం దగ్గరికొచ్చేసరికి, "అక్షరాలు శాన చిన్నగున్నయ్ బిడ్డా" అంటోంది. మా పిల్లకు సంగతి తెలుసు, నన్ను మాట్లాడొద్దని కళ్లతో సైగ చేసింది. కోఠిలో పాత పుస్తకాల కొట్టు నుంచి బాపిరాజు గారిదే ‘హిమబిందు’ తెచ్చారు. శాతవాహనుల కాలం, అందులో విషకన్య ఉంది. నలభై పేజీలు అయ్యాయి, విషకన్య తప్పు ఎంత, ఆమెను అలా పెంచినవాళ్ల తప్పు ఎంత అన్న దగ్గర నిన్న రాత్రి పదకొండు దాటింది.