చెల్లని గిల్డర్లు, ఇంకా తీరని బాకీ

నెదర్లాండ్స్ పాత నగదు గిల్డర్. 2002 జనవరి 1న ఆ దేశంలో యూరో నోట్లు, నాణేలు జనం చేతికి వచ్చాయి. అదే నెల 28 నుంచి గిల్డర్ అంగళ్లలో చెల్లడం మానేసింది. శతాబ్దాలపాటు వర్తకం నడిపిన డబ్బును నాలుగు వారాల్లో సాగనంపేశారు. మారకపు రేటు ఒక యూరోకు 2.20371 గిల్డర్లు. ఈ రేటు ఒక్కసారి ఖాయమైంది, ఆ తర్వాత మారలేదు, ఇక మారదు. వెయ్యి గిల్డర్ల నోటుకు 453.78 యూరోలు, యాభై గిల్డర్ల నోటుకు 22.69 యూరోలు, పది గిల్డర్ల నోటుకు 4.54 యూరోలు. పాతికేళ్లు బీరువాలో ఉన్నందుకు వడ్డీ రాదు, అసలు తరగదు.

అంగట్లో చెల్లకపోవడం వేరు, విలువ పోవడం వేరు. నోటు అంటే కేంద్ర బ్యాంకు రాసిచ్చిన అప్పుపత్రం. అప్పిచ్చిన వాడు ఆలస్యంగా వచ్చాడని బాకీ ఎగ్గొట్టడం న్యాయం కాదు. డచ్చి కేంద్ర బ్యాంకు ఈ మర్యాదను చాలామేరకు పాటించింది. చివరి వరకు చలామణిలో ఉన్న నోట్లను 2032 జనవరి 1 వరకు తీసుకుని యూరోలు ఇస్తుంది. లకుముకి పిట్ట ఉన్న పది, రాబిన్ పిట్ట ఉన్న పాతిక, పొద్దుతిరుగుడు పువ్వున్న యాభై, చిన్న గుడ్లగూబ ఉన్న వంద, దీపస్తంభం ఉన్న రెండువందల యాభై, తీతువు జాతి పిట్ట ఉన్న వెయ్యి ఈ జాబితాలోవి. అంతకుముందు తరం నోట్ల గడువులు నోటు నోటుకూ వేరు. వాటిలో కొన్ని ఇప్పటికే దాటిపోయాయి. బ్యాంకు జాబితాలో బొమ్మనూ, నోటు మీది తేదీనీ పోల్చి చూసుకోకుండా ఏదీ తేల్చుకోకూడదు.

ఈ నోట్లు ఇళ్లలో మిగిలిపోవడానికి మరుపు ఒక్కటే కారణం కాదు. అవి అందమైనవి. ప్రపంచంలో కాగితపు డబ్బు తీసుకున్న రూపాల్లో ఇంతకంటే అందమైనది లేదనడం అతిశయోక్తి కాదు. 1960ల నుంచి 80ల దాకా ఓక్సెనార్ అనే చిత్రకారుడు వీటిని రూపొందించాడు. మొదట కవి ఫొండెల్, చిత్రకారుడు ఫ్రాన్స్ హాల్స్, తత్త్వవేత్త స్పినోజాల ముఖాలు గీశాడు. వెయ్యి గిల్డర్ల నోటు మీద స్పినోజా జుట్టులో తన వేలిముద్రనే దాచిపెట్టాడు. ఆ తర్వాత మనుషుల ముఖాలు వదిలి పువ్వుకీ, పిట్టకీ, దీపస్తంభానికీ మళ్లాడు. 1982 నాటి యాభై గిల్డర్ల నోటును చేతిలోకి తీసుకుంటే ముందు పసుపు రంగు కళ్లు నింపుతుంది. పువ్వు నోటు హద్దుల్లో ఇమడనట్టు పెద్దగా ఉంటుంది. గుండ్రటి మధ్యభాగంలో గింజల వరుసలు తిరుగుతూ కనిపిస్తాయి. కాస్త వెతికితే తేనెటీగ దొరుకుతుంది. హామ్‌స్టేడ్ దీపస్తంభం ఉన్న రెండువందల యాభై నోటును వెలుతురుకు ఎత్తి చూస్తే నీటిగుర్తులో కుందేలు కనిపిస్తుంది. ప్రభుత్వపు కాగితంలో ఇంత ఆటకు చోటిచ్చిన అధికారులను మెచ్చుకోవాలి. చూపులేని వాళ్లు వేలితో తడిమి విలువ తెలుసుకునేలా నోట్ల మీద ఉబ్బెత్తు గుర్తులు కూడా వేశారు. అందానికీ, ఉపయోగానికీ వైరం లేదని ఆ గుర్తులే సాక్ష్యం.

ఓక్సెనార్ తర్వాత ద్రుప్‌స్టేన్ వచ్చాడు. అతని నోట్లలో రంగుల గీతలు, వలయాలు పైకి కనిపిస్తాయి, పిట్ట నీటిగుర్తులో ఉంటుంది. 1997 నాటి పది గిల్డర్ల నోటు మీద లకుముకి పిట్ట గురించిన కవిత కూడా అచ్చయింది. తెలుగువాళ్లు తీతువు కూతను అపశకునమంటారు, గుడ్లగూబ వాలితే తరిమేస్తారు. ఆ రెండు జాతుల పిట్టలనూ డచ్చివారు తమ పెద్ద నోట్ల మీదికి ఎక్కించుకున్నారు. గుడ్లగూబ లక్ష్మీదేవి వాహనమని గుర్తున్నవారికి మాత్రం ఆ ఎంపిక సరైనదే అనిపిస్తుంది. ఆ తర్వాత వచ్చిన యూరో నోట్ల మీద ఎక్కడా లేని కిటికీలు, అప్పటికి ఎవరూ కట్టని వంతెనలు. ఏ దేశమూ నొచ్చుకోకూడదని ఏ దేశానికీ చెందని బొమ్మలు వేశారు. పొద్దుతిరుగుడు పువ్వును ఇచ్చి ఆ వంతెనలు తీసుకోవడానికి చాలామందికి మనసు రాలేదంటే తప్పు పట్టలేం.

నాణేల విషయంలో మాత్రం ఇదే దేశం చేసింది అన్యాయం. వాటి గడువు 2007 జనవరి 1తోనే ముగిసిపోయింది. నోటుకు ముప్పై ఏళ్లు, నాణేనికి ఐదేళ్లు. ఐదు, పది, ఇరవై ఐదు సెంట్లు, ఒక గిల్డర్, రెండున్నర గిల్డర్లు, 1988లో వచ్చిన ఐదు గిల్డర్లు, అన్నీ అధికారికంగా సున్నా అయిపోయాయి. నోట్లను కేంద్ర బ్యాంకు జారీ చేస్తుంది, నాణేలను రాజ్యం జారీ చేస్తుంది కాబట్టి లెక్కలు వేరని సమర్థన చెప్పవచ్చు. నాణేలు బరువు, ఎంచడం కష్టం, దాచడం ఖర్చు అన్నదీ నిజమే. కానీ నోట్లు మిగిలేది ఉన్నవాళ్ల పెట్టెల్లో, నాణేలు మిగిలేది పిల్లల డిబ్బీల్లో, ముసలివాళ్ల సంచుల్లో. గిల్డర్ నాణెం అంచున దేవుడు మనతో ఉండుగాక అని డచ్చి భాషలో చెక్కి ఉంటుంది. గోరుతో తడిమితే ఆ అక్షరాలు తగులుతాయి. రాజ్యం తన ముద్ర వేసి, దేవుడి పేరు చెక్కి ఇచ్చిన లోహానికి ఐదేళ్లకే చేతులు దులుపుకుంది. జర్మనీ కేంద్ర బ్యాంకు మార్కు నోట్లనూ, నాణేలనూ రెంటినీ ఏ గడువూ లేకుండా నేటికీ తీసుకుంటోంది. ఆస్ట్రియా, ఐర్లండ్ కూడా అంతే. అక్కడ సాధ్యమైనది పక్కనున్న ఆమ్‌స్టర్‌డాంలో ఎందుకు సాధ్యం కాలేదన్న ప్రశ్నకు తృప్తికరమైన జవాబు లేదు.

అయితే నాణేలన్నీ తుక్కు కావు. 1954 నుంచి 1967 వరకు పోసిన ఒక గిల్డర్ నాణెం వెండిది. బరువు ఆరున్నర గ్రాములు, అందులో నూటికి 72 పాళ్లు వెండి. అంటే నాలుగున్నర గ్రాములకు పైగా శుద్ధమైన వెండి. 1966 వరకు వచ్చిన రెండున్నర గిల్డర్ల నాణెం కూడా వెండే. తర్వాతివి నికెల్. 1875 నుంచి 1933 వరకు వచ్చిన పది గిల్డర్ల బంగారు నాణెంలో ఆరు గ్రాముల పైచిలుకు మేలిమి బంగారం ఉంది. వీటిని ముఖవిలువకు ఇచ్చేవాడు నష్టపోతాడు, తూకానికి అమ్మాలి. ఏ నాణేన్నైనా ముందు సంవత్సరం చూశాకే పక్కన పెట్టాలి.

నోట్లు మార్చుకునే పద్ధతి సులువే. కేంద్ర బ్యాంకు దరఖాస్తు నింపి, గుర్తింపు పత్రం నకలు జతచేసి, నోట్లను పంపితే పరిశీలించి సొమ్మును బ్యాంకు ఖాతాలో వేస్తారు. పెద్ద మొత్తమైతే ఎక్కడిదని అడుగుతారు. ఇండియా నుంచి పంపదలచినవాళ్లు కరెన్సీని పోస్టులో పంపడం మీద ఉన్న నిబంధనలు ముందే తెలుసుకోవాలి. పాత విదేశీ డబ్బు కొనే ప్రైవేటు వ్యాపారులు యూరప్‌లో ఉన్నారు. గడువు తీరిన నాణేలను కూడా తీసుకుంటారు, కానీ అధికారిక రేటు కంటే బాగా తక్కువిస్తారు. నాణేలకు వేరే దారి లేదు కాబట్టి అది సరే. చెల్లే నోటును వాళ్ల చేతిలో పెట్టడం మాత్రం తెలివితక్కువ పని.

గిల్డర్ అని పేరున్నదల్లా నెదర్లాండ్స్‌ది కాదు. డచ్ ఈస్టిండీస్ నోట్లు, జపాన్ ఆక్రమణ కాలంలో అక్కడ డచ్చి భాషలోనే అచ్చేసిన నోట్లు, 2004లో డాలర్‌కు మారిన సురినామ్ గిల్డర్లు, కరీబియన్ దీవుల గిల్డర్లు ఈ లెక్కలోకి రావు. 1945కు ముందు నాటి డచ్చి నోట్లూ రావు. ఆ ఏడాది సెప్టెంబరులో ఆర్థికమంత్రి లీఫ్టింక్ పాత నోట్లన్నిటినీ రద్దుచేసి, మనిషికి వారం ఖర్చుకు పది గిల్డర్లు చేతికిచ్చాడు. యుద్ధకాలపు దొంగసొమ్మును పట్టడానికి ఆ పని చేశారు. ఆ రద్దైన నోట్లు నేడు సేకరించేవాళ్లకే పనికొస్తాయి.

2016 నవంబరు 8 రాత్రి పెద్ద నోట్ల రద్దును చూసిన తెలుగువారికి ఈ కథ వేరే విధంగా తగులుతుంది. ఇక్కడ సామాన్యుడికి దొరికింది ఏడు వారాల గడువు. ఆ తర్వాత వచ్చిన చట్టం పాత నోట్లు పదికి మించి దగ్గర ఉంచుకోవడాన్నే జరిమానా వేయదగ్గ నేరం చేసింది. 2023లో ఉపసంహరించిన రెండువేల నోటు విషయంలో పద్ధతి మెరుగుపడింది, హైదరాబాద్ సహా రిజర్వు బ్యాంకు కార్యాలయాల్లో దాన్ని స్వీకరిస్తూ వచ్చారు. డబ్బు జారీ చేసినవాళ్లే ఓపిక పట్టాలన్న సూత్రం అదే.

తెలుగునాట కూడా గిల్డర్లు దొరికే ఇళ్లున్నాయి. డచ్చి సంస్థ ఐటీసీలో సర్వే, రిమోట్ సెన్సింగ్ చదవడానికి వెళ్లొచ్చినవాళ్లు, 1990లలో నెదర్లాండ్స్ సాయంతో ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన బోరుబావుల పథకంలో పనిచేసినవాళ్లు, రోటర్‌డాం రేవు తాకిన ఓడల్లో ఉద్యోగం చేసినవాళ్లు ఆ తరంలో ఉన్నారు. వాళ్ల పాత పాస్‌పోర్టు కవర్లు, డైరీలు, సూట్‌కేసు జేబులు ఒకసారి తెరిచి చూడండి. పువ్వో పిట్టో ఉన్న నోటు దొరికితే 2032 జనవరి 1 లోగా మార్చుకోండి.